ఊరెంచుకొను విధము: ఉప్పలు, నాచారముల చరిత్ర

మనుష్యుడు పుట్టు ఊరు అతని ఇచ్ఛచేత వచ్చునది కాదు. కాపురముండు ఊరు మాత్రము చాలవరకు అతని ఎంపికచేతనే వచ్చును. అందుచేతనే మన పూర్వులు సంబంధమును వెదకుటలో చూపినంత శ్రద్ధ ఊరిని వెదకుటలోను చూపవలెననిరి. బద్దెన రచించెనని ప్రతీతి గల సుమతీశతకము మన వీథిబడులలో తరతరములుగ వల్లింపబడినది. అందలి ఒక పద్యము ఊరికి నాలుగు పరీక్షలు పెట్టుచున్నది. అవసరమునకు ఋణమిచ్చు ధనికుడు, రోగము కుదుర్చు వైద్యుడు, వేసవిలోను ఎండిపోని నీరు, విద్యాసంస్కారములు గల ద్విజుడు, ఈ నాలుగును లేనిచోట నివాసము తగదని కవి హితవు. ఏడువందల ఏండ్ల నాడు చెప్పిన ఈ మాట నేటి మహానగరమునకు చెల్లునా యని కొందరికి సందేహము కలుగవచ్చును. చెల్లునని నా అభిప్రాయము. దానికి నిదర్శనముగ హైదరాబాదు నగరమునకు తూర్పున ఉన్న ఉప్పలు, నాచారము అను రెండు ఊళ్ల కథను మీ ముందుంచెదను.

ఇది కేవలము కాలక్షేపమునకు చెప్పు కథ కాదు. నేడు మన గ్రామములలో పెక్కు ఇండ్లనుండి కొడుకో, కూతురో ఉద్యోగమునకై నగరమునకు పోవుచున్నారు. వారికి ఒక గూడు సమకూర్చుటకై తల్లిదండ్రులు పొలమును అమ్ముచున్నారు. అమ్మిన పొలము మరల రాదు. కొన్న స్థలము మంచిది కానిచో తాత ముత్తాతలు కూడబెట్టిన ఆస్తి నీటిపాలగును. నీటిపాలగుట అను మాటను నేను అలంకారముగ వాడుటలేదు. దాని సంగతి ముందు తెలియగలదు.

హైదరాబాదు ఒకప్పుడు మన తెలుగువారిలో సగము మందికి పరదేశము. 1948 సెప్టెంబరు వరకు అది నిజాము రాజ్యము. బెజవాడ నుండియో, గుంటూరు నుండియో వచ్చినవానికి అచ్చటి నాణెము కూడ క్రొత్తదే. హాలీ సిక్కా ఏడు రూపాయలు ఇంగ్లీషువారి ఆరు రూపాయలకు ఇంచుమించు సమానము. కచేరీలలో ఉర్దూ భాష. 1919 నాటి ములికి నిబంధనల ననుసరించి బయటివానికి సర్కారు కొలువు దొరకుట దుర్లభము. తెలంగాణ పల్లెలనుండి వచ్చినవానికి నాణెము, కొలువు పరాయివి కాకున్నను, బిడ్డలకు తెలుగులో చదువు చెప్పించుట మాత్రము అతనికిని కష్టమే.

అట్టి నగరములో తెలుగు కుటుంబములు ఎచ్చట చేరెనో చూడుడు. 1901లో రెసిడెన్సీ బజారు ప్రాంతమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1928లో మాడపాటి హనుమంతరావుగారి పూనికతో నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాల ఏర్పడెను. సుల్తాను బజారు, నారాయణగూడ, చిక్కడపల్లి, నల్లకుంట వీథులు తెలుగు సంసారములకు ఆలవాలమగుటకు ఇట్టి సంస్థలు ముఖ్యకారణములు. ఆడపిల్ల నడచి పోగల దూరమున తెలుగు బడి ఉన్నదా యని తండ్రి మొదట విచారించెడివాడు. అనగా శతకకారుడు కడపట చెప్పిన విద్యను పరదేశమున కాపురము పెట్టువాడు మొదటికి తెచ్చుకొనెను.

ఇక తూర్పుదిక్కునకు వత్తము. పాత రెవెన్యూ పత్రములలో ఉప్పలు గ్రామము ఉప్పల్ కలాన్ అని కనబడును. కలాన్ అనగా పారసీలో పెద్దది, ఖుర్దు అనగా చిన్నది. మనము పెద్దూరు, చిన్నూరు అనునట్లే. ఊరికి దక్షిణమున మూసీనది. ఆవలి గట్టున నాగోలు. నది ఒడ్డు నేలను భగాయతు అందురు. తోటల సాగు చేయు భూమి యని అర్థము. ఎగువన చెరువులు, వాటి క్రింద వరిమళ్లు. ఉప్పలులో నల్లచెరువు, రామంతాపురములో పెద్దచెరువు, నాచారములో నాచారపు చెరువు. హబ్సిగూడ కూడలివద్ద త్రోవ రెండుగ చీలి ఒకటి ఉప్పలునకు, ఒకటి నాచారము మీదుగ మల్లాపురమునకు పోవును. మొన్న మొన్నటి వరకు ఇవి అచ్చముగ మన పల్లెలవంటి పల్లెలే.

ఇట్టి పల్లెల సమీపమునకు నగరము ఎట్లు వచ్చెను? నగరము వచ్చినది ఇండ్ల రూపమున కాదు, సంస్థల రూపమున. మొదట రైలు వచ్చెను. 1874లో వాడీ నుండి సికిందరాబాదునకు, 1886లో సికిందరాబాదు నుండి ఓరుగల్లునకు ఇనుపదారి పడెను. 1893లో లాలాగూడలో రైల్వే కర్మశాల నెలకొల్పిరి. తరువాత విద్యాపీఠము వచ్చెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము నగరమధ్యమందలి అద్దె భవనములు వీడి అడిక్‌మెట్టు గుట్టల మీదికి చేరెను. అచ్చటి ఆర్ట్సు కళాశాల భవనము 1939లో ప్రారంభమయ్యెను. 1944లో నిజాము ప్రభుత్వము స్థాపించిన ప్రయోగశాల 1956లో కేంద్ర పరిశోధనామండలి అధీనమునకు వచ్చి తార్నాక ప్రక్కన పెద్ద సంస్థగ పెరిగెను.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడి, రాజధాని కర్నూలు నుండి హైదరాబాదునకు మారెను. వేలకొలది ఉద్యోగులు భార్యాబిడ్డలతో క్రొత్త ఊరికి తరలిరి. పాత తెలుగు పేటలు నిండిపోయి జనము తూర్పునకు జరిగెను. నల్లకుంట నుండి విద్యానగరు, అచ్చట నుండి తార్నాక, హబ్సిగూడ. ఇటు అంబరుపేట నుండి రామంతాపురము. ఇట్లు అడుగడుగున సాగిన వలస కడకు ఉప్పలు, నాచారములను చేరెను.

ఆ కాలముననే ఒక విశేషము జరిగెను. నీలగిరులలోని కూనూరు నుండి పోషకాహార పరిశోధనాలయము మొత్తముగ 1958లో తార్నాకకు తరలివచ్చెను. చల్లని కొండలలో నివసించిన కుటుంబములు దక్కను ఎండలలోనికి వచ్చినవి. భాష వేరు, భోజనము వేరు, బంధువులు లేరు. తరువాత 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పలు రోడ్డున వెలసెను. 1967లో భారత సర్వేక్షణ శాఖవారి శిక్షణ, పటముల తయారీ కేంద్రము ఉప్పలునకు వచ్చెను. 1977లో ఏర్పడిన కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రము 1987లో ఉప్పలు రోడ్డునందలి స్వంత భవనములలో ప్రవేశించెను. రామంతాపురములో దూరదర్శను కేంద్రము నిలిచెను.

ఇన్ని పేర్లు చెప్పుటలో నా ఉద్దేశ మొకటి కలదు. ఒక పేట సంసారపక్షముగ ఎట్లు మారునో ఈ వరుసలో తెలియుచున్నది. మొదట కొలువు, కొలువు వెంట క్వార్టర్లు, క్వార్టర్లలో బిడ్డలు, బిడ్డల వెంట బడి. దేశము నలుమూలలనుండి బదిలీపై వచ్చిన ఉద్యోగికి తన బిడ్డ చదువు నడుమ తెగిపోరాదు. అట్టివారికొరకే కేంద్రీయ విద్యాలయములు. ఉప్పలులో అట్టిది కలదు. 1972లో రామంతాపురమున హైదరాబాదు పబ్లికు స్కూలు ఏర్పడెను. బడి వెంట పుస్తకముల అంగడి, పాలకేంద్రము, వైద్యుని గది, సిటీబస్సు వచ్చినవి. నెల మొదటి తేదీన తప్పక జీతమందువారు పదిమంది యున్న వీథిలో కోమటి అరువిచ్చును, వైద్యుడు నిలుకడగ నుండును, ఉపాధ్యాయుడు విడిచిపోడు. ఉద్యోగ విరమణ తరువాత వారిలో పలువురు సొంత ఊళ్లకు మరలక అచ్చటనే స్థలములు కొని స్థిరపడిరి. తమ బిడ్డలు పెరిగిన వీథియే వారికి సొంతఊరైనది.

నాచారము కథ కొంత వేరు. దానిని ఊరు చేసినది పరిశ్రమ. అచ్చట పారిశ్రామికవాడ ఏర్పడి యంత్రముల పనివారు, మందుల కర్మాగారముల పనివారు చేరిరి. ఇరుగుపొరుగున మౌలాలి, చర్లపల్లి, కుషాయిగూడలలోను కర్మాగారములు వెలసెను; 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషను ఆ వైపుననే కలదు. నందమూరి తారక రామారావుగారి రామకృష్ణా స్టూడియో కూడ నాచారమునందే. ఇచ్చటి పనివాడు సైకిలుపై పనికి పోయి, మధ్యాహ్నము ఇంటికి వచ్చి అన్నము తిని మరల పోగల దూరమున కాపురముండెను. 1948 నాటి కార్మిక బీమా చట్టము ననుసరించి వెలసిన ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి నాచారములో కలదు. జీతమునుండి స్వల్పభాగము చెల్లించిన కార్మికుని ఇంటిల్లిపాదికి వైద్యము లభించు ఏర్పాటది. శతకకారుడు కోరిన వైద్యుడు పేదవానికి దొరకిన రూపమిదియే యని చెప్పవచ్చును.

అయితే పరిశ్రమ అన్నమును పెట్టినది, నీటిని చెరిపినది. కర్మాగారముల వ్యర్థజలము చెరువులను చేరి నీరు రంగు మారినది, బోరుబావుల నీరు త్రాగ పనికిరాకపోయినది. రాత్రివేళ ఘాటైన వాసనలతో పసిబిడ్డలు దగ్గిన కాలమును ఆ వీథుల తల్లులు ఎరుగుదురు. కావున కర్మాగారము దగ్గరనున్నది గదా యని సంతసించువాడు గాలి ఏ దిక్కున వీచును, వ్యర్థజలము ఏ దిక్కున పారును అనియు విచారింపవలయును. ఈ రెండు ఊళ్లకు నడుమ కొద్ది మైళ్ల దూరమే యున్నను, ఒకే నాచారములో రెండు వీథులకు నడుమ భేదము అంతకంటె ఎక్కువ కావచ్చును. ఊరి పేరు చూచి కొనువాడు మోసపోవును; వీథి చూచి కొనవలయును.

ఇక ఋణదాత. వెనుక చిన్న ఉద్యోగి ఇల్లు కట్టవలెనన్న ప్రావిడెంటు ఫండు, చీటీపాట, భార్య మెడలోని బంగారము, సహకార గృహనిర్మాణ సంఘము, ఇవియే ఆధారములు. 1977లో ఇండ్లకే అప్పిచ్చు హెచ్.డి.ఎఫ్.సి. ఏర్పడెను, 1988లో జాతీయ గృహ బ్యాంకు వచ్చెను. తరువాత ప్రతి బ్యాంకును ఇంటి అప్పు ఇయ్యజొచ్చెను. ముప్పదేండ్లవాడు ఇరువదేండ్ల వాయిదాలపై ఇంటివాడగుచున్నాడు. వరిమళ్లు ప్లాట్లైనవి, గెట్లు రోడ్లైనవి. గ్రామపంచాయతీ పోయి ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము వచ్చెను. 2007 ఏప్రిలు 16వ తేదీన అదియు మహానగరపాలక సంస్థలో కలిసెను. అప్పు సులభమైన కొలది కొనుగోలుదారు తొందర హెచ్చెను. బ్యాంకు కాగితములను చూచును గాని నేలపై వాన కురిసినప్పుడు ఏమగునో చూడదు. ఆ పని మనది.

ఇప్పుడు నీటిమాటకు వచ్చితిని. మొదట చెప్పుటకు తగినది కడపటికి ఉంచితిని, ఏలయన ఇదియే ముఖ్యము. నీరు లేకపోవుట ఒక కష్టము. ఉండరానిచోట ఉండుట మరియొక కష్టము. మొదటి కష్టమును ప్రభుత్వములు చాలవరకు తీర్చినవి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టనిడుకొనిన పిదప విశ్వేశ్వరయ్యగారి సలహాపై 1920లో ఉస్మాను సాగరము, 1927లో హిమాయతు సాగరము కట్టబడెను. నగరము పెరిగి అవి చాలక, 2004లో కృష్ణాజలము, 2015లో గోదావరీజలము నగరమునకు తేబడెను. టాంకరు కొరకు బిందెలు వరుసపెట్టి కూర్చుండిన ఇల్లాండ్రకు అది ఎంతటి ఊరటయో చెప్పనలవి కాదు.

రెండవ కష్టము మన చేతులార తెచ్చుకొన్నది. చెరువు నిండినప్పుడు నీరు మత్తడి దూకి క్రింది కాలువలో పడి, క్రింది చెరువునకు పోవును. ఒకదానికొకటి గొలుసుగ కట్టిన ఈ చెరువుల వరుస మన పూర్వుల విద్య. ఏండ్ల తరబడి వానలు తక్కువైనచో చెరువు శిఖము ఎండి చదునుగ కనబడును. దానిని చూచి ప్లాటని అమ్ముదురు. ధర తక్కువ యని కొందురు. వాన మరచిపోదు. 2000 ఆగస్టులో ఒకమారు, 2020 అక్టోబరు 13వ తేదీన మరియొకమారు నగరమునకు ఈ సంగతి తెలియవచ్చెను. 2020లో ఉప్పలునకు తూర్పుననున్న ఘటకేసరు వద్ద ఒక్క దినమున 32 సెంటీమీటర్లకు మించి వాన కురిసెను. ఉప్పలు, రామంతాపురము, నాగోలు ప్రాంతములలో పెక్కు కాలనీలు నీట మునిగెను. బియ్యము, పరుపులు, బిడ్డల పుస్తకములు, రిజిస్ట్రీ కాగితములు నీటిలో తేలెను. ఆ నీరు దారి తప్పి వచ్చినది కాదు. తన పాత త్రోవనే వచ్చినది. ఇల్లే దాని త్రోవలో కూర్చుండినది. 2024 జూలైలో చెరువుల రక్షణకై హైడ్రా అను సంస్థ ఏర్పడి ఆక్రమణలను కూల్పజొచ్చెను. అప్పు తీరకమునుపే ఇల్లు పోయినవారి దుఃఖమును మనము వార్తలలో చూచితిమి.

ఇచ్చట గ్రామములందలి పెద్దలకు నా మనవి యొకటి. మీ కుమారుడు కంప్యూటరు చదివినవాడు కావచ్చును. కోడలు ఇంగ్లీషు దస్తావేజును గడగడ చదువగలది కావచ్చును. కాని మత్తడి యేది, తూము యేది, నేల వాలు ఎటు, నల్లరేగడిలో నీరు ఎన్నినాళ్లు నిలుచును అను విద్య మీది. చేనుగట్టున నిలిచి చూచినంత మాత్రమున వాన ఎటు పారునో చెప్పగల కన్ను మీది. ఆ కన్ను నేడు నగరమునకు కావలసియున్నది. మీ బిడ్డలు స్థలము చూచుటకు పోవునాడు మీరును వెంట పోవుడు. కార్తికములోనో, మాఘములోనో చూచి మురియక, శ్రావణ భాద్రపదములలో వాన పడిన మరునాడు చూడుడు. కాలనీ పేరునందు చెరువు, కుంట యను మాట యున్నదేమో గమనింపుడు. అచ్చట ముప్పదేండ్లుగ నున్న చాకలినో, పాలవానినో అడుగుడు. వారికి ఏ వీథిలో ఎంత లోతు నీరు వచ్చెనో తెలియును. ఇంటి ప్రహరీపై పాత నీటిచార ఉన్నదేమో చూడుడు. పాత పహాణీలో సర్వే నంబరునకు ఎదుట శిఖము అని వ్రాసియున్నచో ఎంత చౌకయైనను మరలి రండు. 2012 నాటి కట్టడ నియమముల ప్రకారము పది హెక్టారులు, అంతకు మించిన చెరువుల హద్దు నుండి 30 మీటర్లు, చిన్న చెరువులు కుంటల హద్దు నుండి 9 మీటర్లు విడువవలయును. ఈ కొలత మీ చేతికఱ్ఱతో వేయుటకు సిగ్గుపడనక్కరలేదు.

శతకకారుడు చెప్పని అయిదవ పరీక్ష యొకటి నేటి కాలమునకు చేర్పవలసియున్నది. అది దారి. ఆ కాలమున ఊరును, పనియును ఒకటే గనుక దాని ప్రసక్తి కలుగలేదు. నేడు ఉప్పలులో ఇల్లు, మాదాపురములో పని. నడుమ నగరమంతయు అడ్డము. 2017 నవంబరులో నాగోలు, ఉప్పలు మీదుగ మెట్రో రైలు నడువజొచ్చెను. 2019లో అది హైటెక్ సిటీ, రాయదుర్గముల వరకు సాగెను. ఉప్పలు కూడలిలో నడచువారికై 2023లో ఆకాశవంతెన తెరచిరి. ఇవి మేలు. ఉప్పలు నుండి నారపల్లి వరకు 2018లో మొదలిడిన ఎత్తు రహదారి పని ఏండ్ల తరబడి సాగి, ఆ త్రోవవారిని దుమ్ములోను, గుంతలలోను నడిపించినది. ఇది కీడు. కావున ఇంటినుండి పనికి ఎన్ని మైళ్లు అని కాక, ఎన్ని గడియలు అని అడుగవలయును. బిడ్డ నిద్రపోకమునుపు తలిదండ్రులలో ఒకరైన ఇల్లు చేరగలరా? సాయంకాలము దీపము పెట్టు వేళకు ఇంట మనుష్యులుండని ఊరు ఎంత గొప్పదైనను సంసారమునకు చాలదు.

సముద్రములు దాటి పోవువారికిని ఈ పరీక్షలే చెల్లును. అమెరికాకు మొదట పోయిన మనవారు విశ్వవిద్యాలయములు, ఆసుపత్రులు ఉన్నచోట్ల చేరిరి. పిట్స్‌బర్గు నగరపు శివారు పెన్ హిల్సులో 1970లలోనే వేంకటేశ్వరాలయము కట్టుకొనిరి. అచ్చటను తెలుగు తండ్రి మొదట అడుగునది బడి సంగతియే. నారాయణగూడలో నాటి తండ్రి అడిగినదే ఆ ప్రశ్న. ఆ దేశమున 1968లో వరద బీమా చట్టము చేసి, ఏ నేల మునుగునో తెలుపు పటములను ప్రజలకందించిరి. ఇల్లు కొనువాడు పటము చూచుకొనును. మనకు పటములు చేయు విద్య లేక కాదు. దేశమునకు పటములు వ్రాయువారికి శిక్షణ ఇచ్చు కేంద్రము ఉప్పలునందే యున్నది గదా! పటమును అడిగి చూచు అలవాటే మనకు తక్కువ.

ఉప్పలు, నాచారముల నూరేండ్ల కథ మనకు చెప్పు సారమింతే. కొలువు, బడి, ఆసుపత్రి ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలిచిన వీథులు సంసారములను నిలిపినవి. చెరువు త్రోవను మన్నించిన ఇల్లు నిలిచినది, మన్నింపనిది మునిగినది. ధర యెంత యని అడుగుట అందరికిని తెలియును. నీరెటు పోవును, బిడ్డ ఎచ్చట చదువును, రోగము వచ్చిన ఎవరు చూతురు, సాయంకాలము ఎప్పుడు ఇల్లు చేరుదుము అని అడుగుట పెద్దలు నేర్పవలయును. ఈ వానకాలమున మీ బిడ్డలు స్థలమని, ఇల్లని మాట యెత్తినచో, వారిని ఒక వారము ఆగుమని చెప్పి, మీ చేతికఱ్ఱ తీసికొని వారి వెంట బయలుదేరుడని కోరుచు విరమించుచున్నాను.